సున్నం కింద గోడ

మన తెలుగువాళ్ళకి ‘కొట్టడం’ మీద ఉన్నంత మోజు మరే క్రియ మీదా లేదనుకుంటాను. కొబ్బరికాయ కొడతాం, స్టాంపు కొడతాం, పండక్కి గోడలకి సున్నం కొడతాం, బాకీ తీరగానే పద్దు కొట్టేస్తాం, కోపం వస్తే రేషను కార్డులోంచి పేరు కూడా కొట్టేయిస్తాం. అందుకేనేమో, కంప్యూటర్ ఇళ్ళలోకి వచ్చాక దానికీ ఒక కొట్టడం తగిలించాం. ‘ఫార్మాట్ కొట్టడం’. "సిస్టమ్ బాగా స్లో అయిందమ్మా, ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించాలి" అనే మాట ఏదో ఒక షాపులో మీరూ వినే ఉంటారు. అంటే మరేం లేదు. హార్డ్ డిస్కులో ఉన్నదంతా తుడిచేసి, ఆ యంత్రాన్ని నడిపించే మూలవ్యవస్థని, అదే ఆపరేటింగ్ సిస్టమ్‌ని, మొదట్నుంచీ మళ్ళీ పెట్టడం. ఇల్లు ఖాళీ చేసి, కడిగి, కొత్త కాపురం పెట్టినట్టన్నమాట.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య అనుకుంటాం గానీ, తుడిచి మళ్ళీ రాయడానికి మన దగ్గర చాలా పాత చరిత్ర ఉంది. ఖమ్మం దగ్గర నేలకొండపల్లి లాంటి ఊళ్ళో అయితే ఆ చరిత్ర కాళ్ళ కిందే ఉంటుంది. ఆ ఊరికి తప్పకుండా తీసుకెళతాను. దానికంటే ముందు కడితం సంగతి చెప్పనివ్వండి.

కడితం అంటే గుడ్డ పుస్తకం. చింతగింజల అంబలిలో బొగ్గుపొడి కలిపి నూలుగుడ్డకి దట్టంగా పట్టించి, ఆరబెట్టి, విసనకర్ర మడతల్లా మడిచేవారు. నల్లటి పలకలాంటి ఆ గుడ్డ మీద బలపంతో రాసుకునేవారు. షావుకార్ల చిట్టాలు, కరణాల లెక్కలు దీని మీద నడిచాయి. లెక్క తీరిపోతే తుడిచి, మళ్ళీ ఓ పూత మసి పట్టిస్తే పుస్తకం కొత్తదైపోయేది. తాటాకు అలా కాదు. గంటంతో గీసిన అక్షరం చెరగదు. తప్పు పోతే కొట్టేసి పక్కన రాసుకోవలసిందే. అందుకని మనవాళ్ళు పని చక్కగా పంచుకున్నారు. నిలవాల్సింది తాటాకుకి, పోవాల్సింది కడితానికి. భారతం తాటాకు మీద, బియ్యం బాకీ కడితం మీద. కంప్యూటర్‌తో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, భారతమూ బియ్యం బాకీ ఒకే పెట్టెలో ఉంటాయి.

ఆ పెట్టెల్లో మొదటిది 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చింది. 24 అంగుళాల వెడల్పున్న పళ్ళేలు 50, పెళ్ళి భోజనాల దగ్గర పేర్చిన కంచాల్లా ఒకదాని మీద ఒకటి ఉండి గిరగిరా తిరిగేవి. బరువు ఒక టన్ను దాకా ఉండేది. ఇంతా చేసి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఇవాళ మీ అమ్మాయి ఫోనులో తీసే ఫోటోలు రెండు పెడితే నిండిపోతుంది.

పళ్ళేలు ఎన్నున్నా, ఎంత పట్టినా, ఏది ఎక్కడ ఉందో చెప్పే పట్టిక ఒకటి డిస్కులో విడిగా ఉంటుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మీ వంటింట్లో ఒకే రకం స్టీలు డబ్బాలు ముప్ఫై ఉన్నాయనుకోండి. మూతల మీద మినప్పప్పు, పెసరపప్పు అని చీటీలు అంటించుకున్నారు. షాపులో ఐదు నిమిషాల్లో ముగించే ఫార్మాట్ ఉందే, అది ఆ చీటీలు పీకేయడం, అంతే. మినప్పప్పు ఎక్కడికీ పోదు. ‘ఈ డబ్బాలన్నీ ఖాళీ’ అని కంప్యూటర్ అనుకుంటుంది. తర్వాత ఏ డబ్బాలో కొత్త సరుకు పోస్తే, అందులో పాత సరుకు అప్పుడు పోతుంది. అందుకే ఫార్మాట్ కొట్టిన డిస్కులోంచి కూడా ఫోటోలు వెనక్కి తెచ్చేవాళ్ళున్నారు. గంటలకొద్దీ పట్టే పూర్తి ఫార్మాట్ వేరు. 2007లో విండోస్ విస్టా బజారుకి వచ్చినప్పటి నుంచి దాని అర్థం, ప్రతి డబ్బాలోనూ సున్నాలు నింపడం. సున్నాలతో సున్నం కొట్టడం అనవచ్చు. ఇప్పుడొస్తున్న ఎస్.ఎస్.డి.లలో పళ్ళేలూ లేవు, తిరగడమూ లేదు. ఖాళీ అని తేలిన డబ్బాలని అవి తమంతట తామే కడిగేసుకుంటాయి కనక, వాటిలో పోయింది తిరిగి వస్తుందన్న ఆశ బాగా తక్కువ.

చీటీకీ సరుకుకీ ఉన్న ఈ తేడా ప్రపంచానికంతటికీ ఒకేరోజు తెలిసివచ్చింది. 1999 ఏప్రిల్ 26న. తైవాన్‌లో ఒక విద్యార్థి రాసిన సి.ఐ.హెచ్. అనే వైరస్, చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన తేదీనే నిద్ర లేచింది. ఆ వేళ పొద్దున్నే మీట నొక్కినవాళ్ళకి, మన దేశంలోనూ కొరియాలోనూ టర్కీలోనూ, నల్లటి తెర తప్ప ఏమీ కనిపించలేదు. అది చేసిన పనేమిటంటే, డిస్కు మొదట్లో ఉండే కొద్ది భాగాన్ని సున్నాలతో నింపేయడం. చీటీలుండేది అక్కడే మరి! తెలిసినవాళ్ళు ఓపిగ్గా కూర్చుని పట్టికని మళ్ళీ కట్టుకుంటే, చాలా డిస్కుల్లో లోపలి సరుకు లోపలే దొరికింది. అంతా పోయిందని గుండెలు బాదుకుని అప్పటికప్పుడు కొత్త విండోస్ ఎక్కించిన చోట మాత్రం నిజంగానే పోయింది.

నేలకొండపల్లి దిబ్బలది కూడా ఇదే కథ.

ఊరి పొలిమేరలో పాత మట్టికోట గోడ ఆనవాళ్ళు, దాని చుట్టుపట్ల దిబ్బలు ఉన్నాయి. ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి, ఇది విరాటరాజు కొలువున్న చోటంటారు. పాండవుల అజ్ఞాతవాసం ఇక్కడే, భీముడు కీచకుడి మదమణిచింది ఇక్కడే అంటారు. పురావస్తుశాఖవాళ్ళు పార పట్టుకుంటే బయటపడినవి వేరు. ఇటుకలతో కట్టిన మహాస్తూపం, భిక్షువులుండే విహారాలు, నీటితొట్లు, సున్నపురాయిలో మలిచిన బుద్ధ విగ్రహాలు, కంచు బుద్ధుడు. క్రీస్తు తర్వాతి తొలి శతాబ్దాల్లో ఇక్కడ ఒక పెద్ద బౌద్ధక్షేత్రం నడిచింది. ఎప్పుడో భిక్షువులు వెళ్ళిపోయారు, ఎవరు కట్టించారో ఏ పేరుతో పిలిచారో జనం మరిచిపోయారు. చీటీ ఊడిపోయింది. పేరులేని దిబ్బకి ఊరివాళ్ళు తమకి తెలిసిన కథలోంచి ఒక చీటీ తెచ్చి ప్రేమగా అంటించారు. ఇప్పుడు ఆ స్తూపాన్ని అందరూ పిలిచే పేరు విరాట స్తూపం! బుద్ధుడికి అభ్యంతరం ఉండదనే నా నమ్మకం.

దిబ్బ మీద ఇంకేదీ రాయలేదు కాబట్టి సరుకు మిగిలింది. అమరావతికి ఆ అదృష్టం కూడా పట్టలేదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు పనివాళ్ళకి దిబ్బలో రాళ్ళూ ఇటుకలూ దొరికాయి. దొరికినవి దొరికినట్టు కొత్త కట్టడాలకి తరలిపోయాయి. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే నష్టం చాలా జరిగింది. మిగిలిన శిల్పాలు తర్వాత మద్రాసుకీ లండనుకీ చేరాయి. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు లెండి. ఖాళీ డబ్బా అనుకుంటే ఎవరైనా కొత్త సరుకే పోస్తారు.

సరుకూ ఉండి, చీటీ ఉండి కూడా పోయే పద్ధతి మరొకటుంది. అది నేను కళ్ళారా చూశాను.

ఆమధ్య నా కంప్యూటర్‌ని ఖమ్మంలో ఒక షాపుకి తీసుకెళ్ళాను. పట్టుమని ఇరవై ఏళ్ళు లేని కుర్రాడు డాక్టర్లా దాని మొహంలోకి చూసి, "విండోస్ పాడైంది మేడం, ఫార్మాట్ కొట్టాలె. సీ డ్రైవ్‌ల ఏమన్న ఉన్నయా? డెస్క్‌టాప్ మీదియి గూడ పోతయి, తర్వాత నన్ననొద్దు" అన్నాడు.

"నా నవలలున్నాయి బాబూ" అన్నాను.

"సినిమాలు కాదుగద, శానా తక్కువ జాగ పడతయి" అని ధైర్యం చెప్పాడు. ఇరవై ఏళ్ళ నా సాహిత్య సేవకి అంత క్లుప్తమైన విమర్శ ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు!

అన్నీ పద్ధతిగా వేరే డిస్కులోకి ఎక్కించి, తుడిచి, కొత్త విండోస్ వేసి, నా పాత నవల ఒకటి తెరిచి చూపించాడు. పేరు ఉంది, పేజీలున్నాయి. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, కొక్కేలూ, పిచ్చుక గూడులా అల్లుకుని ఉన్నాయి. "ఇదేం భాష మేడం?" అన్నాడు. తెలుగే! 2000 తర్వాత మొదటి ఏళ్ళలో డీటీపీ షాపుల్లో పుస్తకాలు ఎక్కువగా ‘అను’ అక్షరాల్లో కంపోజయ్యేవి. ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు తొడుక్కున్న వేషం. ఆ ఫాంటు ఉంటే వేషం కనిపిస్తుంది, లేకపోతే లోపలి కొక్కేలు బయటపడతాయి. పాత విండోస్‌తో పాటు ఫాంటు కూడా తుడిచిపెట్టుకుపోయింది కదా. కుర్రాడు పక్క వీధి డీటీపీ ఆయనకి ఫోను చేసి, దాన్ని తెప్పించి పెట్టాక నా కథానాయిక మళ్ళీ తెలుగులో ఏడవడం మొదలుపెట్టింది.

ఈ బాధ లేకుండా ప్రపంచ భాషలన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి 1991లోనే వచ్చింది, తెలుగు అందులో మొదటి నుంచీ ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఇచ్చారు. అయినా అచ్చు పనివాళ్ళు అలవాటైన అక్షరాలని అంత తొందరగా వదలలేదు. ఆ రోజుల తెలుగు సాహిత్యం ఎంతో ఇంకా ఆ వేషంలోనే సీడీల్లో నిద్రపోతోంది.

తెలంగాణ భూముల కాగితాలకీ ఇలాంటి చిక్కే ఉంది. నిజాం రాజ్యంలో కచేరీ భాష ముందు పారసీ, 1880ల నుంచి ఉర్దూ. సర్వే నంబర్లు పుట్టిననాటి సేత్వార్లూ, శిస్తు లెక్కల వసూల్ బాకీలూ ఆ రాతలో ఉన్నాయి. ఏదైనా తగాదా వచ్చి పాత కాగితం తీస్తే, భూమి కళ్ళముందే ఉంటుంది, కాగితమూ చేతిలోనే ఉంటుంది. చదివి చెప్పడానికి మాత్రం పాత ఉర్దూ చేతిరాత వచ్చిన మనిషి కోసం వెతుక్కోవాలి. డీటీపీ ఆయనకి ఫోను చేసినంత సులువు కాదది.

మరి చెరగకుండా, చదవడం రాకపోయినా నిలిచిపోయేదేమన్నా ఉందా అంటే, దానికీ నేలకొండపల్లే సాక్ష్యం. మన రామదాసు పుట్టిల్లు అదే కదా. కంచర్ల గోపన్న, అక్కన్న మాదన్నలకి మేనల్లుడు. 1672లో గోల్కొండ గద్దెనెక్కిన తానీషా కొలువులో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. సర్కారుకి పంపాల్సిన సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడీ నగలూ చేయించాడన్నారు, ఖైదులో పెట్టారు. పన్నెండేళ్ళున్నాడని చెబుతారు. రామోజీ లక్ష్మోజీ అనే పేర్లతో రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల వరహాలు చెల్లించి రసీదు తీసుకెళ్ళారన్న కథ మీకు చెప్పనక్కరలేదు. బాకీ కొట్టేయించారన్నమాట.

నాకు ముచ్చటేసేది వేరే విషయం. జైల్లో కూర్చుని రాముణ్ణి దెప్పిపొడుస్తూ పాడిన ‘ఇక్ష్వాకుల తిలక’ కీర్తన ఒక్కసారి శ్రద్ధగా వినండి. సీతమ్మవారికి ఏ పతకం, భరతుడికి ఏది, లక్ష్మణుడికి ఏది, ఒక్కోదానికి ఎన్నివేల వరహాలయ్యాయి, అంతా వరసగా అప్పజెబుతాడు. భక్తుడు ఏడుస్తున్నాడు గానీ, లోపల తహసీల్దారు పద్దు చదువుతున్నాడు! సర్కారు ఖర్చు లెక్కని అంత తియ్యగా రాగం కట్టి దాచినవాడు ప్రపంచంలో మరొకడు ఉన్నాడా అని. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. తానీషా కొలువే పోయింది. 1724 నుంచి అసఫ్‌జాహీలు, 1948లో ఇండియన్ యూనియను, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. పైన నడిపించే వ్యవస్థ ఇన్నిసార్లు కొత్తగా ఎక్కింది. సీతమ్మ పతకం లెక్క మాత్రం, అక్షరం ముక్క రాని అమ్మమ్మల గొంతుల్లోంచి కూడా వరహా తేడా లేకుండా మన దాకా వచ్చింది. షాపు కుర్రాడు బ్యాకప్ అన్నది దీన్నే.

బ్యాకప్ ఉన్నవాడికీ లేనివాడికీ తేడా 2017 మేలో బాగా తెలిసింది. వానాక్రై అనే దొంగ ప్రోగ్రాం ప్రపంచమంతా తిరిగి కంప్యూటర్లకి తాళాలు వేసి, 300 డాలర్లిస్తే తీస్తానంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని, తిరుమల దేవస్థానంవి కొన్ని దాని బారిన పడ్డట్టు అప్పట్లో పేపర్లు రాశాయి. దొంగలు పోలీసుల్నే దోచారని మనం నవ్వుకున్నాం. ఇలాంటి తాళం పడ్డ యంత్రానికి మామూలుగా చేసే వైద్యం, తుడిచి మళ్ళీ ఎక్కించడమే. ఇంకోచోట ప్రతి ఉంటే అది ఒక పూట పని, లేకపోతే కొన్నేళ్ళ పని గల్లంతు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది, మన పేర్ల సంగతి.

భూమి లెక్కలకి కూడా ఫార్మాట్లు కొట్టారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణాలనీ పట్వారీలనీ తీసేసింది. దస్తరం కట్టలు తరాలుగా వాళ్ళ ఇళ్ళలోనే ఉండేవి. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఒకే రోజు తెప్పించుకుని, ఆ ఉద్యోగాన్నే రద్దు చేసింది. అక్టోబరు 29న ధరణి అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. లంచాల పట్వారీ పీడ పోయిందని సంతోషించినవాళ్ళున్నారు, పని గంటలో అయిందని చెప్పినవాళ్ళూ ఉన్నారు. అదీ నిజమే. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మొదట నాలుగు మండలాల్లో పెట్టి చూశారు. నారాయణపేట జిల్లా మద్దూరు, కామారెడ్డి జిల్లా లింగంపేట, ములుగు జిల్లా వెంకటాపూర్, ఖమ్మం జిల్లాలో మన నేలకొండపల్లి.

ఇందులో ఆడవాళ్ళకి పట్టవలసిన ముచ్చట ఒకటుంది. పాత పహాణీ కాగితంలో ముప్ఫైకి పైగా గడులుండేవి. పట్టాదారు ఎవరన్నది ఒక గడి. ఆ పక్కనే, నిజంగా దున్నుకుని తింటున్నది ఎవరన్నది ఇంకొక గడి, అనుభవదారు గడి. ఒక ఇల్లు అనుకోండి. పట్టా మామగారి అన్నగారి పేరున ఉండిపోయింది. నోటిమాటగా పంచుకున్నారు, రిజిస్ట్రీ లేదు. కొడుకు సేద్యం చేశాడు, అతను పోయాక కోడలు చేస్తోంది. అన్ని కాగితాల్లోనూ వెతికితే ఆవిడ పేరు ఉన్నది ఒక్క అనుభవదారు గడిలోనే. ధరణిలో ఆ గడి లేదు. ఆవిడ పేరుని ఎవరూ కక్షగట్టి కొట్టెయ్యలేదు. కొత్త డబ్బాల వరసలో ఆ సరుకుకి డబ్బా పెట్టలేదు, అంతే. నా పాత నవల కొక్కేలైనట్టు, స్తూపం దిబ్బైనట్టు, ఆవిడ ఆ పొలంలో ఉంటూనే లెక్కలోంచి మాయమైంది. కంప్యూటర్‌లో ఇలాంటిది జరిగితే తెరమీద ఏ హెచ్చరికా రాదు. కొత్త వ్యవస్థ అడగని ప్రశ్నకి పాతదాంట్లో జవాబు ఉందని దానికెలా తెలుస్తుంది?

భూభారతి చట్టం తెచ్చినప్పుడు అనుభవదారు గడి మళ్ళీ ఉంటుందని ప్రభుత్వం చెప్పింది. గడి పెట్టడం ఒక ఎత్తు, దాన్ని దేనితో నింపాలన్నది ఇంకో ఎత్తు. కంప్యూటర్‌లో ఆ పాత జవాబు లేకపోతే కాగితాలు వెతకాలి. కార్యాలయం బీరువాల్లో పాత పహాణీలున్నాయా, చెదలు పట్టకుండా ఉన్నాయా. అవీ లేకపోతే, ఎప్పుడో బ్యాంకు అప్పు కోసమో పంట నష్టం కోసమో తీయించుకున్న నకలు కాగితం ఇంట్లో ఉందా. మా వైపు ఆడవాళ్ళు అలాంటివి పారెయ్యరు. పెళ్ళి పట్టుచీర మడతలోనో, ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత పేపరు కిందో, పిల్లల టీకా కార్డులతో కలిపి దాస్తారు. ఏ కాగితం ఎందుకో చదవలేకపోయినా, తహసీలు ముద్ర ఉన్నదాన్ని మాత్రం గుర్తుపడతారు.

2025 ఏప్రిల్ ఎండల్లో నేలకొండపల్లి మండలంలో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, అధికారులు బల్లలు వేసుకుని కూర్చుని అర్జీలు తీసుకున్నారు. ఆ ట్రంకుపెట్టెల కాగితాలు కొన్ని, మడతల దగ్గర చిరిగిపోయి, ప్లాస్టిక్ కవర్లలో ఆ బల్లల మీదికి చేరే ఉంటాయి. పట్వారీ చేతిరాతలో, అనుభవదారు గడిలో, ఫలానావాడి భార్య ఫలానా అని.